ఎటాచ్‌డ్ బాత్రూము

మజ్జిగ గ్లాసు అడుగున గోధుమరంగు పొడి పేరుకుని ఉండటం ఆ పూట హన్నమ్మ కళ్ళారా చూసింది. తాగుతున్నట్టే మూతి దగ్గర పెట్టుకుని, కోడలు అటు తిరగ్గానే పెరట్లోకి వెళ్ళి మునగచెట్టు మొదట్లో ఒంపేసింది. ఒంపాక కూడా కదల్లేదు. మట్టి ఆ మజ్జిగని పీల్చుకునేదాకా అక్కడే నిలబడి చూసింది. మర్నాడు లేస్తూనే మొట్టమొదట చెట్టు దగ్గరికే వెళ్ళింది. ఆకు వాడలేదు, పూత రాలలేదు. చెట్టుకి పట్టనంత మాత్రాన మనిషికి పట్టదని ఏముందిలే అనుకుని, వచ్చి పొయ్యి వెలిగించింది.

శావల్యాపురం నుంచి నరసరావుపేట వెళ్ళే రోడ్డు మీద ఊరి మొదటి ఇల్లు వాళ్ళది. ముందు రేకుల పంచలో హన్నమ్మ పొద్దున్నే ఇడ్లీలు వేస్తుంది. కొడుకు ప్రవీణ్ కుమార్ ఆ రోడ్డు మీదే ఆటో తిప్పుతాడు. కోడలు షెర్లీది నాదెండ్ల. డిగ్రీ చదివింది, జాకెట్లు కుడుతుంది, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆ నెమ్మదే హన్నమ్మకి మింగుడు పడదు. అరిచే కోడలైతే మనసులో ఏముందో బయటపడుతుంది. ఈ పిల్ల 'అలాగే అత్తయ్యా' అని తల వంచుకుని వెళ్ళిపోతుంది. ఆ వంచిన తలలో ఏముందో దేవుడికే తెలియాలి.

తడి గుడ్డ పరిచి, గరిటెతో పిండి వేసి, ఇడ్లీ పాత్రకి మూత పెడుతూ ఉండగా కడుపులో మళ్ళీ మెలిపెట్టింది. హన్నమ్మ గరిటె వదల్లేదు. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చి, పళ్ళు బిగించి, అది పోయేదాకా ఆగింది. ఎదురుగా క్వారీకి వెళ్ళే కూలీలు ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. చట్నీ వేయమని ఒకడు రెండుసార్లు అడిగాడు. ఆవిరి మొహాన కొడుతుంటే ఆమెకు వికారం వచ్చింది. ఆ మధ్య నుంచీ ఇంతే. తన ఇడ్లీ తనకే వెగటు. పొట్ట ఉబ్బి బిగుసుకుపోయింది. చీర కుచ్చిళ్ళు బొడ్డు దగ్గర నిలవక పైకి జరుపుకోవాల్సి వస్తోంది.

పక్కింటి అంజమ్మ ఇడ్లీల కోసం గిన్నె తెచ్చింది. గిన్నె కంటే ముందు ఆమె చూపు హన్నమ్మ పొట్ట మీద ఆగింది.

"వదినా, ఇది తిన్నదానికి వచ్చిన పొట్టగాదు."

"తిండే లేదు, ఇంక తిన్నదానికి ఏందే."

"అదే నే చెప్పేది. తిండి పోయింది, పొట్ట పెరిగింది. మా మేనత్తకి అచ్చం ఇట్టానే అయింది." అంజమ్మ గది కిటికీ వైపు చూసి గొంతు తగ్గించింది. లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. "పెట్టుడు మందు వదినా. అన్నంలోనో మజ్జిగలోనో కలిపి పెడతారు. అత్త మెత్తబడాలా, మొగుడు చేతిలో ఉండాలా. నీ కొడుకు ఇదివరకు ఇట్టా ఉన్నాడా?"

మజ్జిగ అడుగున చూసిన పొడి సంగతి హన్నమ్మ చెప్పలేదు. కానీ గిన్నెలో రెండు ఇడ్లీలు ఎక్కువే వేసింది.

అంతకు ముందు వారం ఇంకొకటి జరిగింది. అది అంజమ్మకి కూడా చెప్పుకోలేదు. తెలియకుండానే చీర తడుస్తోంది, నీళ్ళలా కొద్దికొద్దిగా కారి. ఎవరూ లేవకముందే పంపు దగ్గర కూర్చుని, సబ్బు ఎక్కువ రాసి, కోడలి కంట పడకుండా ఉతికి ఆరేసుకుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళి 'బేదులు' అని మాత్రం చెప్పింది. ఆయన పొట్ట చూస్తానని అనలేదు, ఆమె చూపిస్తానని అనలేదు. కట్టుకోవడానికి బిళ్ళలు ఇచ్చాడు. కారడం ఆగింది. ఆ రోజు నుంచీ పొట్ట రాయిలా గట్టిపడింది. ఇది కూడా కోడలి చలవేనని హన్నమ్మ లెక్కలో వేసుకుంది.

ఇక ఆ గది సంగతి చెప్పాలి. ప్రవీణ్‌కి సంబంధం కుదిరినప్పుడు, ఇంటి ముందు మూల ఉన్న పాత మరుగుదొడ్డి పడగొట్టి ఆటోకి షెడ్డు వేశారు. వెనక కొత్త గది కట్టి, దానికి బాత్రూము ఎటాచ్‌డ్‌గా పెట్టారు. తెల్ల టైల్స్, షవరు, గోడకి అద్దం. పెళ్ళికి వచ్చిన చర్చి ఆడవాళ్ళందరినీ హన్నమ్మే వెంటబెట్టుకుని తీసుకెళ్ళి, పంపు తిప్పి చూపించింది. "మావోడు ఎటాచ్‌డ్ కట్టిచ్చాడు" అని ఆ నెలలో ఎన్నిసార్లు అన్నదో ఆమెకే గుర్తులేదు.

కొత్త జంట గదిలోకి వెళ్ళి తలుపేసుకున్న మొదటి తెల్లవారుజామున, చెంబుతో ఆ తలుపు ముందు నిలబడ్డాక గానీ ఆమెకు తట్టలేదు, బాత్రూముకి వెళ్ళాలంటే మంచం పక్కనుంచి నడవాలని. కొడుకూ కోడలూ పడుకున్న గది తలుపు ఏ తల్లి కొడుతుంది? చెంబు అక్కడే పెట్టి వచ్చేసింది. పగలు వెళ్దామంటే వెలుతురు బాగుంటుందని షెర్లీ మిషన్ ఆ గదిలోనే వేసుకుంది. ఎప్పుడూ ఎవరో ఒకరు జాకెట్టు వేసుకుని చూసుకుంటూ ఉంటారు. వాళ్ళ మధ్యనుంచి నడిచి లోపలికి వెళ్ళి, చప్పుళ్ళు వినిపించి, మళ్ళీ వాళ్ళ మధ్యనుంచే బయటికి రావాలి. వెనకటి డొంక ఇప్పుడు ప్లాట్లేసిన వెంచరు. స్తంభానికొక లైటు, గేటు దగ్గర వాచ్‌మన్, మూల మీద కెమెరా. స్నానానికైతే పెరట్లో తడిక చాటుంది. దీనికే చాటు లేదు.

అంజమ్మ ఇంట్లో దొడ్డి ఉంది. కానీ ఎటాచ్‌డ్ ఉన్నదాన్నని ఊరంతా చాటుకున్న మనిషి చెంబుతో అంజమ్మ గుమ్మంలో నిలబడితే ఇంకేమన్నా ఉందా? ఆదివారం వాళ్ళిద్దరినీ ప్రార్థనకి ముందు పంపి, తను తర్వాత వస్తానని ఆగేది. తీరా వెళ్ళి కూర్చుంటే కడుపు కదిలేది కాదు. వారమంతా ఆపుకున్న ఒళ్ళు, సరేనన్నప్పుడు వినడం మానేసింది. దాంతో నీళ్ళు తగ్గించింది, తిండి తగ్గించింది. ఇంత జరుగుతున్నా, పొట్ట ఉబ్బడానికీ ఆ తలుపుకీ సంబంధం ఉందన్న ఊహ ఆమెకు ఒక్కసారీ రాలేదు. పొడి కనిపించింది కదా, ఇంకో కారణం వెతకాల్సిన పని లేకపోయింది.

మర్నాడు చర్చిలో ఆడవాళ్ళ కూడిక ఉందని ఇంట్లో అబద్ధం చెప్పి, అంజమ్మతో వేరే ఆటో ఎక్కింది. పెట్టుడు మందు తీసే ముసలాయన వినుకొండ దారిలో ఒక పల్లెలో ఉంటాడు. దారి పొడుగునా హన్నమ్మ కొంగు తలమీద నుంచి జారనివ్వలేదు. పాస్టరుగారి చెవిన పడితే తలెత్తుకోలేదు.

ముసలాయన పంచలో చాప మీద కూర్చోబెట్టి, గుప్పెడు ఆకు రోట్లో నూరి, పసరు నీళ్ళలో పిండి ఆమె అరచేతిలో పోశాడు. కదపొద్దన్నాడు. కాసేపటికి ఆ పసరు చేతిలోనే పేరుకుని, వేలితో నెడితే ముద్దగా కదిలింది.

"చూశావా, గడ్డ కట్టింది. నీ కడుపులో మందు ఉంది. ఇంట్లో ఆడమనిషే పెట్టింది" అన్నాడాయన.

ఆ ఆకు వాసన హన్నమ్మకి తెలుసు. చిన్నప్పుడు గేదెలు కాస్తూ, కంచె మీది దూసరితీగ ఆకు కొబ్బరిచిప్పలో పిండి, పేరుకున్నాక జున్ను అని పంచుకుని ఆడుకున్నారు. చిప్పలో పేరుకునేదానికి మందున్న కడుపుతో పనేమిటి? ఆ ఆలోచన వచ్చింది. వచ్చినంత తొందరగానే దాన్ని పక్కకి నెట్టేసింది. ఇంత దూరం వచ్చింది ఆ మాట వినడానికే, విన్నది. ఎందుకో చెప్పలేని ఒక తృప్తి కూడా కలిగింది. పిచ్చి అనుమానం కాదు, తనది నిజమే.

"ఇవి బెల్లంలో పెట్టుకుని మింగు. లోపలిదంతా కడుక్కుపోద్ది" అని ఆయన ఆకులో చుట్టి మాత్రలు ఇచ్చాడు. హన్నమ్మ వాటిని కొంగున ముడేసుకుంది.

తెల్లారి ఇడ్లీలు అమ్ముడయ్యాక, పంపు దగ్గర గిన్నెలు తోమడానికి కూర్చుని ఒక మాత్ర మింగింది. సగం గిన్నెలు కూడా కాలేదు. కడుపులో ఏదో ముందుకు తోసుకుంటూ వచ్చి గోడకి గుద్దుకున్నట్టయింది. మళ్ళీ తోసింది. దారి లేదు. చెమటలు పోశాయి. ఒక్కసారిగా పొట్ట ఎడమవైపు కత్తితో కోసినట్టు నొప్పి లేచి ఒళ్ళంతా పాకింది. హన్నమ్మ నీళ్ళ తొట్టి పట్టుకోబోయి పక్కకి ఒరిగిపోయింది.

షెర్లీ మెడలో కొలత టేపుతో పరిగెత్తుకొచ్చింది. తల ఒళ్ళో పెట్టుకుని పొట్ట మీద చెయ్యి వేయబోయింది.

"ముట్టుకోమాక" అంది హన్నమ్మ. నొప్పిలో కూడా ఆ చెయ్యి తోసేసింది. "ఏం పెట్టావే నాకు? మజ్జిగలో ఏం కలిపావే?"

షెర్లీ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. గది గుమ్మంలో జాకెట్టు కొలతలకి వచ్చిన ఇద్దరు నిలబడి వింటున్నారు. షెర్లీ ముఖంలో రక్తం లేదు. అత్త కొంగున ముడి విప్పి ఆకులో మాత్రలు చూసింది, గుప్పిట్లో పెట్టుకుంది, ప్రవీణ్‌కి ఫోన్ చేసింది.

"ఆటోలో ఎవురున్నా దించేసి ఇంటికి రా. అత్తయ్యకి బాలేదు."

నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టర్ నిఖత్ పొట్ట మీద వేళ్ళతో నొక్కి, తీసేటప్పుడు హన్నమ్మ విలవిల్లాడటం చూసి ఎక్స్‌రే రాసింది. సన్నగా, కళ్ళజోడుతో, మాట పొదుపుగా ఉన్న ఆ డాక్టరమ్మ ఫిల్ము చూసి వచ్చి అడిగింది.

"దొడ్డికి వెళ్ళి ఎన్నాళ్ళయింది?"

హన్నమ్మ కొడుకు వైపు చూసింది. "రోజూ ఎల్తన్నా."

డాక్టరు ప్రవీణ్‌ని బయటికి పంపి మళ్ళీ అడిగింది. హన్నమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. షెర్లీ గుప్పిట విప్పి మాత్రలు బల్ల మీద పెట్టింది. "ఇయ్యి మింగారు మేడమ్. ఎక్కడియ్యో నాకు తెలీదు."

"గట్టిపడ్డ మలం రాయిలా పేగులో ఇరుక్కుపోయింది. చాలాకాలంగా పేరుకున్నదది" అంది డాక్టరు. "లోపల ఒరుసుకుని ఒరుసుకుని పేగుకి పుండు పడి ఉంటుంది. పైనుంచి ఈ విరేచనాల మందు పడితే పేగు బలంగా తోస్తుంది. దారి లేక ఆ పుండు దగ్గర చిల్లు పడింది. ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి. ఆలస్యమైతే మనిషి దక్కదు. మధ్యలో నీళ్ళలా ఏమన్నా కారిందా?"

హన్నమ్మ తల ఊపింది.

"బేదులని బిళ్ళలు వేసుకున్నావా? అవి బేదులు కావమ్మా. అడ్డం పడినదాని పక్కనుంచి కారేది అది."

మందు కాదు, మలం. ఆ మాట హన్నమ్మకి వినిపించింది గానీ మనసు ఒప్పుకోలేదు. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే కూడా, సంతకం ఎవరు పెడుతున్నారా అని మెడ తిప్పి చూసింది. కొడుకు సంతకం పెడుతుంటే కాయితం జారకుండా షెర్లీ పట్టుకుంది. నేను పోతే అడ్డు తొలగిపోయిందని అనుకుంటుందేమో అన్నది మత్తు ఎక్కేముందు ఆమెకున్న ఆఖరి ఆలోచన.

పోలేదు. మళ్ళీ తెలివి వచ్చేసరికి పొట్ట మీద ఎడమ పక్కన ఒక ప్లాస్టిక్ సంచి అంటించి ఉంది. పాడైన పేగు తీసేశారు. కొన్ని నెలలు దొడ్డికి ఇందులోకే వస్తుందని, తర్వాత మళ్ళీ కలుపుతామని నర్సు చెప్పింది. హన్నమ్మ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. చెట్టు చాటూ చీకటి చాటూ వెతుక్కున్న మనిషికి, అది ఒంటి మీద సంచిలో అందరికీ కనపడేలా వేలాడటం కంటే శిక్ష ఉంటుందా? కళ్ళ వెంట నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి.

ఆ సంచి ఎలా ఖాళీ చెయ్యాలో నర్సు ఒకసారే చూపించింది. షెర్లీ తల వంచి చూసింది. ఆ తర్వాత అదంతా షెర్లీయే చేసింది. మంచం చుట్టూ తెర లాగి, కింద డబ్బా పెట్టి, క్లిప్పు తీసి, ఒంపి, మూతి తుడిచి మళ్ళీ క్లిప్పు వేసేది. మొహం చిట్లించలేదు, ముక్కు మూసుకోలేదు. హన్నమ్మ ఆ వేళ్ళనే అనుమానంగా చూసింది. ఇంత మంచితనం ఊరికే ఎందుకు చేస్తుందని ఇంకా ఎక్కడో ఒక మూల ఉంది.

వారం తర్వాత డాక్టరు రౌండ్సుకి వచ్చినప్పుడు ప్రవీణ్ కూడా ఉన్నాడు.

"ఇంత కాలం ఎందుకు ఆపుకున్నావమ్మా? ఇంట్లో బాత్రూము లేదా?"

ప్రవీణ్‌కి రోషం వచ్చింది. "ఎందుకు లేదు మేడమ్. కొత్తది కట్టిచ్చా. టైల్స్ ఏయిచ్చా. ఎటాచ్‌డ్ బాత్రూము."

"ఎవరి గదికి ఎటాచ్‌డ్?"

"మా గదికే మేడమ్" అన్నాడు. అని, నోరు అలాగే తెరుచుకుని తల్లి వైపు చూశాడు.

గ్లూకోజు బాటిలు సరిచేస్తున్న షెర్లీ చెయ్యి ఆగింది. డాక్టరు చీటీ మీద ఏదో రాసి, నీళ్ళు బాగా తాగించమని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

"ఏందమ్మా ఇది. ఒక్క మాట చెప్పకూడదా" అన్నాడు ప్రవీణ్.

"ఏం చెప్పేదిరా. మీరు పొణుకున్న గదిలోకి చెంబు పట్టుకుని వస్తానని చెప్పమంటావా." హన్నమ్మ గోడ వైపు తిరిగిపోయింది. ఇన్ని నెలల్లో ఆ మాట పైకి అనడం అదే మొదలు. అన్నాక ఆమెకే వినిపించింది, ఎంత చిన్న మాటో.

ప్రవీణ్ ఆటో చూసుకొస్తానని బయటికి వెళ్ళిపోయాడు. షెర్లీ స్టూలు లాక్కుని కూర్చుంది.

"పొద్దున మీరు లేచే టయానికి రోజూ గడియ తీసిపెట్టేదాన్ని అత్తయ్యా. ఆయన్ని గోడ వైపు జరిపి, నేను లేచి కూర్చునేదాన్ని. మీరు తలుపు దాకా వచ్చి ఎనక్కి పోయే చప్పుడు మొదట్లో ఒకసారి వినపడింది. తర్వాత రావడమే మానేశారు. నేనుండే గదిలో కాలు పెట్టడం గిట్టక అంజమ్మగారింటికి పోతున్నారు అనుకున్నా. నన్ను చూస్తే మీకు అసయ్యమేమో అనుకున్నా."

హన్నమ్మకి తల కొట్టేసినట్టయింది. ఒకే తలుపుకి ఆ పక్క నిలబడి ఆ పిల్ల కూడా అనుమానపడింది. తనలా పసరు పోయించుకోవడానికి వెళ్ళలేదు, అంతే తేడా. ఆ రోజు పంపు దగ్గర అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించింది.

"ఆ పూట నేనట్టా అన్నానే, అమ్మాయ్" అంది చివరికి.

"అన్నారు" అంది షెర్లీ. లేచి మజ్జిగ గ్లాసు తెచ్చింది. హన్నమ్మకి ఇచ్చే ముందు గ్లాసు పైకెత్తి, పెదవి తగలకుండా ఒక గుక్క తన నోట్లో పోసుకుని మింగింది. అప్పుడు అందించింది.

నోటి ద్వారా ఇవ్వొచ్చని చెప్పినప్పటి నుంచీ షెర్లీ అలాగే ఇస్తోంది. బార్లీ నీళ్ళయినా, జావయినా ముందు ఒక గుక్క తను మింగి ఇస్తుంది. వేడి చూస్తుందనే హన్నమ్మ అనుకుంటూ వచ్చింది. చల్లటి మజ్జిగకి వేడి చూడాల్సిన పనేముంది? అప్పుడు అర్థమైంది. గ్లాసు చేతిలో పట్టుకుని ఆమె చాలాసేపు తాగలేకపోయింది. షెర్లీ కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

ఇంటికి తెచ్చిన రోజున మేస్త్రి అంకమ్మరావు అప్పటికే పనిలో ఉన్నాడు. బాత్రూము వెనక గోడకి పెరటి వైపు ద్వారం కొడుతున్నాడు. సుత్తి పడ్డప్పుడల్లా తెల్ల టైల్స్ ముక్కలై మునగచెట్టు కింద రాలుతున్నాయి. ప్రవీణ్ గమేళాతో ఆ ముక్కలు ఎత్తిపోస్తున్నాడు. గదిలోంచి వెళ్ళే తలుపుకి లోపల గడియ బిగించారు. కుట్టుమిషన్ ముందు పంచలోకి, ఇడ్లీ పొయ్యి పక్కకి వచ్చింది. అంజమ్మ పలకరించడానికి వచ్చి, కొట్టేసిన గోడని, మిషన్‌ని, షెర్లీని మార్చి మార్చి చూసింది.

"మందు పడిపోయిందా వదినా?" అంది మెల్లగా.

"మందూ లేదు, మాకూ లేదు. దొడ్డికి పోక వచ్చిన రోగం" అంది హన్నమ్మ. పెరట్లో ఉన్న మేస్త్రికి కూడా వినపడేంత గట్టిగా అంది. అంజమ్మ కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది.

ఎండ పంచలోకి వచ్చింది. షెర్లీ మజ్జిగ కలిపి తెచ్చింది. మంచం పక్కన నిలబడి, ఎప్పటిలాగే గ్లాసు పైకెత్తబోయింది. హన్నమ్మ చెయ్యి చాపి, ఆ గ్లాసు ఆమె నోటి దాకా వెళ్ళకుండా లాక్కుంది. కొంచెం మజ్జిగ ఒలికి దుప్పటి మీద పడింది.

"వాము పొడి అత్తయ్యా" అంది షెర్లీ. "గ్యాసుకి మంచిదని మా అమ్మ దంచి పంపిచ్చింది."

"నే అడిగానా" అంది హన్నమ్మ.

ఆగకుండా తాగింది. గ్లాసు అడుగున గోధుమరంగు పొడి పేరుకుని ఉంది. దాన్ని వేలితో చుట్టూ తుడిచి, వేలు నాకి, ఖాళీ గ్లాసు చేతికిచ్చింది. షెర్లీ అది తీసుకుని, కడగడానికి పంపు దగ్గరికి వెళ్ళింది.